వెలితి లేని పెట్టె

నేను ఒక ఇనుప పెట్టెను. లోకం నన్ను కంటైనర్ అంటుంది. ఇరవై అడుగుల పొడవు, చెయ్యెత్తితే అందీ అందని కప్పు, ఒక పక్క మాత్రమే తలుపు. మీరు నన్ను చూసే ఉంటారు. జాతీయ రహదారి మీద ట్రైలర్ ఎక్కి, మీ స్కూటర్‌కు దారివ్వకుండా పోతూ మీ చేత తిట్లు తిన్నది నేనే, లేదా నాలాంటి మరొకటి. మనుషులు మాకు పేర్లు పెట్టరు, నంబర్లు పెడతారు. నా నంబరు చివర నాలుగు వందల పదిహేడు. అది గుర్తుంచుకోండి. నాకన్నా ఎక్కువగా దాన్ని జపించిన మనిషి ఒకావిడ ఉంది.

ఇంకో సంగతి ముందే చెబుతాను. నా తలుపు బయటి నుంచే తెరుచుకుంటుంది. లోపల ఏది పగిలినా, ఏది ఒలికినా, ఏది మాడినా నాకు తెలుస్తుంది. చెప్పడానికి నోరు లేదు. తియ్యడానికి గడియ నా వైపు లేదు.

నేను చైనాలో పుట్టాను. సముద్రం ఒడ్డున ఒక పెద్ద షెడ్డులో ఉక్కు రేకుల్ని మడతలు మడతలుగా వంచి, మూలలు అతికి, ముదురు నీలం రంగు పూసి, అడుగున చెక్క పరిచారు. ఒళ్ళంతా ఇనుమైనా నా నేల మాత్రం చెక్కే. ఇనుము దేన్నీ పీల్చుకోదు. చెక్క పీల్చుకుంటుంది. పీల్చుకున్నదాన్ని మరిచిపోదు.

మొదటి రోజుల్లో నా బతుకు హాయిగానే సాగింది. ఒక ఓడల కంపెనీ నన్ను అద్దెకు తీసుకుంది. టైర్లు మోశాను, బాత్‌రూమ్ పలకలు మోశాను, ఒకసారి వెయ్యి ప్లాస్టిక్ కుర్చీలు మోశాను. ఎవడి సరుకు వాడిది. ఒకడు నింపేవాడు, ఇంకొకడు ఖాళీ చేసేవాడు. మధ్యలో ఎవరి కన్నీళ్ళూ నా మీద పడలేదు. బరువంటే టన్నుల్లో తూచేదే అనుకునేదాన్ని.

విశాఖపట్నం రేవు దగ్గర ఒక గోదాములో అది తప్పని తెలిసింది.

ఆ రోజు నన్ను నింపింది ఒకడు కాదు. చిన్న చిన్న వ్యాపారులు, ఎవరి సరుకూ పెట్టె నిండేంత లేనివాళ్ళు. ఒకాయన ఎండు పూలు తెచ్చాడు, గాజు గిన్నెల్లో పోసి గదిలో వాసనకు పెట్టుకునే రకం. ఒకాయన రాతి విగ్రహాలు. ఒకాయన అగరువత్తులు. చివర్లో నర్సాపురం నుంచి ఒక వ్యాన్ వచ్చింది. అందులోంచి నలభై ఏళ్ళు దాటిన ఒకావిడ దిగింది. తెల్లటి నూలు చీర, చేతికి వాచీ, మెళ్ళో సన్నటి గొలుసుకు చిన్న శిలువ. పేరు కొల్లాబత్తుల సలోమి. ఆవిడ తెచ్చిన అట్టపెట్టెల్లో లేసు ఉంది. బల్లగుడ్డలు, దిండు గలీబులు, కిటికీ తెరలు. నర్సాపురం చుట్టుపక్కల లంక గ్రామాల్లో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని, మాటల్లో పడి కూడా తప్పు పోకుండా, ఒంటి సూదితో అల్లిన తెల్ల నూలు లేసు.

ఆ గోదాములో సరుకులు సర్దించే ఏజెంటు జగ్గారావు. శ్రీకాకుళం వైపు మనిషి, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. సలోమి అతన్ని ఒకటే అడిగింది. నా లేసు పక్కన ఎవరెవరి సరుకో ఎందుకు, నాకు విడిగా పంపలేరా అని. జగ్గారావు నవ్వి, చిన్న ఎగుమతిదారులందరికీ చెప్పే మాటే ఆవిడకీ చెప్పాడు.

"ఇది షేర్ ఆటో లాంటిదమ్మా. మీ సీటుకు మీరు కడతారు. చవక. కానైతే పక్కోడు మేకపిల్లని ఎక్కించినా మనం దిగలేం. మీకొక్కరికే ఆటో కావాలంటే మాటాడేసుకోవొచ్చు. అప్పుడు మీరొక్కరే కూకున్నా ఆటో మొత్తానికి కట్టాల."

సలోమి తన అట్టపెట్టెల్ని చూసుకుంది. అవి నాలో ఒక మూలకు కూడా రావు. షేర్ ఆటోయే ఎక్కింది.

మేకపిల్ల ఎండు పూలలో ఉంది. కంటికి సరిగా ఆనని పురుగు. మెల్‌బోర్న్ రేవులో అధికారులు తలుపు తీసి, ఆ పూల గోనె విప్పి, పురుగును పట్టుకుని, వెంటనే తలుపు మూసేశారు. పూలాయన ఒక్కడి సరుకే ఆపడానికి వీల్లేదు. ఉన్నది ఒకే పెట్టె. నన్ను ఒక మూలకు లాగి, మందు పొగ పట్టి, పరీక్షలు చేసి, మళ్ళీ చేసి వదిలేసరికి క్రిస్మస్ అయిపోయింది. లేసు బల్లగుడ్డలు క్రిస్మస్ బల్ల మీద పరవడానికి తెప్పించినవి. వాటిని తెప్పించుకున్న షాపావిడ వాటిని పైకెత్తి చూసింది. ముచ్చటపడింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని అగరువత్తుల వాసనకు మొహం పక్కకు తిప్పింది. అన్నిటినీ గోదాములోకి పంపింది.

సలోమి అట్టపెట్టెలు చేసిన తప్పు ఒక్కటే, ఆ పెట్టె ఎక్కడం. నాకు బాధ కలిగింది. అయితే అది పరాయి బాధ. మరిచిపోదామనుకున్నాను. వేల పెట్టెల్లో మళ్ళీ నేనే ఆవిడ గుమ్మం ముందుకు వెళ్తానని ఎవరనుకుంటారు?

మరుసటి ఎండాకాలం నన్ను ట్రైలర్ మీద ఎక్కించి రేవులోకి కాకుండా ఊళ్ళవైపు తోలారు. అన్నవరం దాటాం, రాజమండ్రి దగ్గర గోదావరి దాటాం, కొబ్బరి తోటల్లోకి దిగాం. నర్సాపురంలో ఒక సందు మొగన ఆగాం. సందులోకి ట్రైలర్ పట్టలేదు. రెండు అంగుళాల తేడాతో ఒక మేడ మెట్టు అడ్డం. మెట్టు యజమాని ముందు కస్సుమన్నాడు. నన్ను చూశాక మెత్తబడి, తనే గునపం తెచ్చి మెట్టు అంచు కొట్టేశాడు. ఆస్ట్రేలియా వెళ్ళే పెట్టె తమ వీధిలోకి రావడం ఆ వీధికి గౌరవమట. చుట్టూ మూగిన జనాన్ని చూసి నాకూ కాస్త గర్వం కలిగింది. దాచడమెందుకు?

నా తలుపు తీసిన మనిషి సలోమి.

ఆ మధ్యాహ్నం లేసు షెడ్డు ముందు నిలబడి ఆడవాళ్ళు మాట్లాడుకున్న మాటల్లోంచి సంగతులన్నీ నాకు తెలిశాయి. మెల్‌బోర్న్ షాపావిడ మంచిది. పోయిన ఏటి ఆలస్యాన్ని ఒక్కసారికి మన్నించింది. ఈసారి సరుకు వేళకు, శుభ్రంగా వస్తే ఏడాది పొడవునా నర్సాపురం లేసే తీసుకుంటానంది. ఈసారీ తేడా వస్తే మిషను లేసుకు మారతానంది. మిషను లేసు ఆలస్యం కాదు, వాసన రాదు. ఇక్కడ చూస్తే భీమవరం వైపు రొయ్యల షెడ్ల వాళ్ళు రోజూ పొద్దున్నే వ్యాన్లు పంపుతున్నారు. రొయ్య ఒలిచే ఆడవాళ్ళకు రోజు కూలి రొక్కం. సలోమి దగ్గర అల్లేవాళ్ళలో సగం మంది ఆ వ్యాన్లవైపు చూస్తున్నారు. ఈ ఆర్డరు నిలిస్తే వాళ్ళు నిలుస్తారు. పోతే, తన తల్లి దగ్గర నేర్చుకుని తను అందరికీ నేర్పిన ఆ అల్లిక తన కళ్ళముందే ఆగిపోతుంది. సలోమికి ఉన్న భయం అదొక్కటే.

అందుకే ఈసారి షేర్ ఆటో వద్దనుకుంది. పెట్టె మొత్తం మాట్లాడింది. తన సరుకుతో పెట్టె సగమే నిండుతుంది. మిగతా సగానికి తన చిన్నప్పటి స్నేహితురాలిని పిలిచింది.

ఆవిడ పేరు చింతా శేషారత్నం. పాలకొల్లులో పచ్చళ్ళ వ్యాపారం. లావుపాటి మనిషి, గొంతు అంతకన్నా పెద్దది. మెల్‌బోర్న్‌లోనే ఒక పచారీ కొట్టాయన ఆవిడ ఆవకాయ అడిగాడు. "తెలియనోళ్ళ మేకపిల్లలతో పోవడం కంటే మనిద్దరం పోదాం" అని సలోమి అడిగితే, రత్నం రెండో మాట లేకుండా ఒప్పుకుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సైకిల్ మీద బడికి వెళ్ళేవారట. తొక్కేది రత్నం, వెనక కూర్చునేది సలోమి.

ఎక్కించే ముందు సలోమి నా తలుపు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆమెన్ అనగానే రత్నం అదే తలుపుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఇద్దరు దేవుళ్ళ కాపలా ఉన్న పెట్టెకు ఏమవుతుందని జనం నవ్వారు.

జగ్గారావు ట్రైలర్‌తో పాటు చెక్క పలకల బల్లలు పంపాడు. సరుకు నేరుగా నా నేలను తాకకుండా కింద వేసేవి. రేవులో అయితే అతనే దగ్గరుండి వేయించేవాడు. ఇక్కడ పెట్టె సలోమిది, పెత్తనమూ సలోమిదే. బల్లలు వేస్తే జానెడు ఎత్తు పోతుంది. తీసేస్తే ఇంకో వరస అట్టపెట్టెలు పడతాయి. పెట్టె నిండినా అద్దె అంతే, సగం ఖాళీగా వెళ్ళినా అంతే అని ఆవిడ మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. బల్లలు దింపించి షెడ్డు గోడకు జారవేయించింది. లోపలి సగం నేల నుంచి కప్పుదాకా లేసు. మధ్యలో ఒక ప్లైవుడ్ తడిక. బయటి సగంలో, తలుపు వైపు, రత్నం ఆవకాయ సీసాలు.

సీసాల గురించి ఒక మాట చెప్పాలి. రత్నం మూత బిగించే ముందు ప్రతి సీసాలోనూ నువ్వుల నూనె అంచుదాకా పోసింది. ముక్క నూనెలో మునిగి ఉండాలి, లేకపోతే బూజు. అదొక కారణం. రెండోది, వెలితి పాత్ర ఇంకొకరింటికి పంపకూడదు. అది ఆ సీమ మర్యాద. సీసా నిండుగా లేకపోతే ఇచ్చినవాళ్ళ చెయ్యి చిన్నదని అర్థం. ఇనుమైన నాకు ఒకటి తెలుసు. ఎండలో ప్రతిదీ ఒళ్ళు విరుచుకుంటుంది. ఇనుమూ, నూనే. విరుచుకోవడానికి చోటు లేకపోతే ఏం చేస్తాయో కూడా తెలుసు. చెప్పడానికి నాకు నోరేది?

సాయంత్రానికి ఎక్కించడం పూర్తయింది. అయినా తలుపు దగ్గర కొంత చోటు మిగిలింది. ఒక మనిషి పడుకునేంత. సలోమి ఆ ఖాళీని అలాగే చూస్తూ నిలబడింది. నేను ఎన్నో వ్యాపారాలు చూశాను. నష్టాన్ని భరించే మనుషులున్నారు గానీ ఖాళీని భరించేవాళ్ళు లేరు.

జగ్గారావుకు ఫోను చేశారు. స్పీకరులో అతని గొంతు వినిపించింది. "ఖాళీ ఉంటే ఉండనీండమ్మా. వెలితుంటే తప్పేటి? గాలాడతాది. తలుపేసి పంపించీండి."

సలోమి ఫోను పెట్టేసింది. రత్నం వైపు తిరిగింది. నిన్న కలిపిన జాడీలు ఇంట్లో ఉన్నాయని చెప్పావు కదా అంది.

"అవి నిన్నటివే. మూడోనాడు తిరగకలపందే జాడీ ముట్టుకోకూడదు. ఊట దిగాలి, ఉప్పు చూడాలి, నూనె పోయాలి. పచ్చడికి తొందరేంటే?"

"ఓడెక్కితే అదే ఊగుతుంది కదే. నీ బదులు ఓడే తిరగకలుపుతుందిలే."

అక్కడున్న ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. రత్నం ఒక్క క్షణం ఆలోచించి తనూ నవ్వింది. సలోమి మాట తీసెయ్యడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ చేతకాదట. పాలకొల్లుకు ఆటో పంపారు. జాడీలు వచ్చాయి. షెడ్డు ముందే కూర్చుని ఊట దిగని ఆవకాయను సీసాలకెత్తారు, అంచుదాకా నూనె పోశారు, మూతలు బిగించారు. నా తలుపు దగ్గర చీమ దూరే సందు కూడా మిగల్లేదు. సలోమి తృప్తిగా ఊపిరి పీల్చింది. తలుపు మూసి సీలు వేశారు. వీధి చప్పట్లు కొట్టింది.

లోపల చీకటి పడింది.

అది రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయంటారు. నేను రోలు కాదు, రేకు. విశాఖ రేవులో ఓడ కోసం ఆగిన చోట నా చుట్టూ నీడ లేదు, నా మీద ఇంకో పెట్టె కూడా లేదు. కప్పు పెనంలా కాలింది. తలుపు దగ్గరి సీసాల్లో ఊట ఇప్పుడు దిగుతోంది. పొంగుతోంది. మాగని ముక్కలు లోపల ఊపిరి పోసుకుంటున్నాయి. అంచుదాకా నిండిన నూనె పైకి తోస్తోంది. మొదటి మూత చిన్న చప్పుడుతో లేచింది. చిటికె వేసినట్టు. కాసేపటికి రెండోది. తర్వాత ఒకదాని వెనక ఒకటి.

నూనె కారింది. ముందు బొట్టు బొట్టుగా, తర్వాత ధారగా. ఎర్రటి నూనె. కారం, ఆవపిండి, వెల్లుల్లి ఘాటు. అది నా నేల మీద పాకుతూ ఎటు వెళ్తుందా అని చూశాను. నన్ను నిలబెట్టిన చోటు లోపలి గోడవైపు కొద్దిగా వాలుగా ఉంది. ఎవరి తప్పూ కాదు, నేల అలా ఉంది. నూనె ప్లైవుడ్ తడిక కిందుగా దూరి లేసు వైపు వెళ్ళింది.

బయట మనుషులు తిరుగుతున్నారు. ఒకడు నా తలుపుకు జారగిలబడి బీడీ కాల్చుకున్నాడు. రేకు పక్కనే వాడి వీపు. లోపల నా చెక్క మీద నూనె పాకుతోంది. జానెడు దూరం. నేను ఎంత పెద్దదాన్నైతేనేం, వాడి వీపు మీద ఒక్క వేలు తట్టలేకపోయాను.

చెక్క బల్లలు ఉండి ఉంటే నూనె వాటి కింద నుంచి పోయేది. లేవు. అడుగు వరస అట్టపెట్టెలు నేరుగా నా నేల మీద కూర్చున్నాయి. అట్ట తడిసింది. అట్ట లోపల పలుచని కవర్లు, వాటి మడతల్లోంచి దారి. ఆ లోపల నూలు. నూలుకు నూనె తగిలితే ఏమవుతుందో ఇంట్లో దీపం పెట్టే ఎవరినడిగినా చెబుతారు. ప్రమిదలో వత్తిలా, లేసు ఆ నూనెను పైకి లాక్కుంది. పువ్వు తర్వాత పువ్వు, గొలుసు తర్వాత గొలుసు. ఏ ఆడమనిషి ఏ అరుగు మీద కూర్చుని అల్లిందో ఆ వరసలోనే, ఆ ముడుల వెంటే ఎర్రదనం ఎక్కింది. ఓడ కదిలింది. సలోమి అన్నట్టే సముద్రం తిరగకలిపింది. శ్రద్ధగా.

మెల్‌బోర్న్‌లో సీలు విరిచిన మనిషి తలుపు తీయగానే తుమ్మాడు. పచారీ కొట్టాయన సీసాలు దింపుకున్నాడు. కొన్ని మూతలు ఊడాయని గొణిగాడు, మిగతావి బాగున్నాయని మురిసిపోయాడు. ఆ తర్వాత షాపావిడ వచ్చింది. పైవరస పెట్టె విప్పింది. తెల్లగా ఉంది. వాసన చూసింది. కిందివరస విప్పింది. బల్లగుడ్డ పైకెత్తింది. అంచునుంచి సగందాకా మంటలా ఎర్రగా ఎక్కి ఉంది. ఆవిడ భాష నాకు రాదు. మొహం అర్థమైంది. కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఫోటోలు తీసుకుని, బల్లగుడ్డను మడత చెదరకుండా మళ్ళీ పెట్టెలో పెట్టింది.

నన్ను కడిగారు. ఇనుము శుభ్రమైంది. నేల కాలేదు. లోపలి గోడ దగ్గర ఒక మరక మిగిలిపోయింది, గోదావరి పాయలా పొడుగ్గా. అప్పటి నుంచి నాకు బట్టలు, తిండి గింజలు ఇవ్వలేదు. ఇనుప తుక్కు, పాత టైర్లు, గ్రానైటు. మూలలు సొట్టలు పోయాయి, కప్పుకు తుప్పు చిల్లు పడింది. చివరకు విశాఖలోనే నన్ను పనికిరానిదని పక్కన పెట్టి వేలం వేశారు.

కొన్నది జగ్గారావు. సొంత ఆఫీసు కోసం. గాజువాక రోడ్డు పక్కన నన్ను దింపించి, పక్కకు కిటికీ కోయించి, తలుపు రెక్కలు బార్లా తెరిచి ఉంచి, లోపలి గోడ దగ్గర బల్ల, రెండు కుర్చీలు వేయించాడు. దింపిన రోజే తలుపు మీద నంబరు చూసి ఆగిపోయాడు. లోపలికి వచ్చి మరక చూశాడు. భార్యకు ఫోను చేశాడు. ఆ ఫోనులోనే నాకు మిగతా కథ తెలిసింది. ఈ నంబరు ఓడ ఎక్కిన రోజు నుంచీ సలోమి అతనికి రోజూ ఫోను చేసి, నంబరు చదివి, ఎక్కడిదాకా వచ్చిందని అడిగేదట. ఫోటోలు వచ్చాక మాత్రం ఒక్కసారే చేసింది. రత్నానికి చెప్పొద్దంది. లేసు చెమ్మకు ముక్కిపోయిందనో, షాపావిడకు నచ్చలేదనో తనే ఏదో చెప్పుకుంటానంది. ఆ జాడీలు తెప్పించింది నేను, బల్లలు తీయించింది నేను, దాని చేతిలో ఏముందండీ అందట.

షెడ్డు మూతపడింది. లేసు అల్లిన చేతులు ఇప్పుడు ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలుస్తున్నాయి. సలోమి దగ్గర నలుగురైదుగురు పెద్దవాళ్ళు మాత్రం మిగిలారు.

నేను ఆఫీసుగా స్థిరపడ్డాను. రోజూ ఎవరో ఒక చిన్న వ్యాపారి వస్తాడు. షేర్ ఆటోనా, ఆటో మొత్తమా అని జగ్గారావు అదే పాఠం చెబుతాడు. ఇప్పుడు చివర్లో ఒక ముక్క కలిపాడు. "పక్కోడి సరుకుతో ఎల్తే పక్కోడి తప్పు మనకి తగుల్తాది. మొత్తం పెట్టె తీసుకుంటే మన తప్పు మనకే తగుల్తాది. ఏది ఓర్చుకోగలవో నువ్వే చూసుకో నాయినా." వాళ్ళు నవ్వి, ధర తక్కువ దేనికని అడుగుతారు.

మొన్న ఒక కారు ఆగింది. రత్నం దిగింది. జుట్టు నెరిసింది, గొంతు అలాగే ఉంది. ఇప్పుడు ఆవిడ ఏడాదికి ఎన్నో పెట్టెలు పంపుతుంది, అన్నీ మొత్తానికి మొత్తం తనవే. ఆ పనిమీదే జగ్గారావు దగ్గరికి వచ్చింది. కారులో చోటుంది కదా అని వెంట సలోమిని తెచ్చింది. సలోమి చేతిలో ఒకే ఒక్క అట్టపెట్టె. ఏదో చిన్న చర్చి వాళ్ళు అడిగిన బల్లగుడ్డలు.

రత్నం ఫోనులో మాట్లాడుతూ వెనకబడింది. సలోమి ముందుగా నా తలుపు దగ్గరికి వచ్చింది. నంబరు చూసింది. నాలుగు వందల పదిహేడు. పెదవులు కదిలాయి, ఒకప్పుడు రోజూ చదివినట్టే. జగ్గారావు బల్ల వెనక లేచి నిలబడ్డాడు. ఆవిడ మెల్లగా లోపలిదాకా నడిచి, కుర్చీ పక్కన ఉన్న నా మరకను చూసింది. దాని సంగతి తెలిసిన ముగ్గురమే అప్పుడు ఆ గదిలో ఉన్నాం.

రత్నం అడుగుల చప్పుడు దగ్గరైంది. సలోమి చటుక్కున ఆ కుర్చీలో కూర్చుని, చెప్పు ఉన్న కాలు మరక మీద పెట్టింది. అక్కడితో ఆగక చేతిలోని అట్టపెట్టెను కూడా మిగిలిన మరక మీద దించింది.

రత్నం వచ్చి కూర్చుంది. లోపల ఏదో ఆవపిండి ఘాటుగా ఉందే అని నవ్వింది, తన ఒంటి వాసనేలే, తనతోపాటే వస్తుందంది. కాగితాలమీద సంతకాలు పెడుతూ పాత ముచ్చట్లు ఎత్తింది. తన వ్యాపారం నిలబడింది ఆ మొదటి పెట్టెతోనేనట.

"అప్పుడు పదో పన్నెండో సీసాల మూతలు లేచిపోయాయి కదే. అప్పట్నుంచే సీసాలో వేలెడు వెలితి ఉంచడం నేర్చుకున్నాను. పది సీసాలతో పోయింది. చవగ్గా వచ్చిన పాఠమే."

సలోమి తల ఊపింది. కాలు కదపలేదు.

రత్నం అట్టపెట్టెను చూసింది. ఇదొక్కటీ షేరులో ఎందుకు, ఈ వారమే నా పెట్టె వెళ్తోంది, అందులో పడేస్తాను, రూపాయి ఇవ్వొద్దు అంది. ఉచితంగా, నేరుగా, తెలిసినవాళ్ళ చేతిలో. జగ్గారావు లవంగం నమలడం ఆపేశాడు. మళ్ళీ ఆవకాయ పక్కనే సలోమి లేసు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి.

"షేరులోనే పోనీవే. ఒక్క పెట్టెకి అదే నయం."

"నా పెట్టెలో ఖాళీ ఉందంటున్నాను కదా."

"ఉండనీవే."

రత్నం మొహం చిన్నబోయింది. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"దారినపోయేవాళ్ళ సరుకు పక్కన పెడతావు గానీ నా పక్కన పెట్టవన్నమాట. సరేలే. ఆ ఆర్డరు పోయినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. నేను పైకొచ్చానని నీకు ఎక్కడో గుచ్చుకుంటోంది. చిన్నప్పుడు సైకిల్ మీద కూడా నన్ను పట్టుకునేదానివి కాదు, సీటు పట్టుకునేదానివి."

సలోమి నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. కాలు ఒక్క అంగుళం పక్కకు జరిపితే చాలు, మాట కూడా అక్కర్లేదు. నేను ఎదురుచూశాను. నా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. కిటికీ కూడా ఉంది. అయినా నాకు నోరు రాలేదు. ఆవిడకూ రాలేదు.

కారులో ఉంటాను, పని చూసుకుని రా అని రత్నం బయటికి వెళ్ళిపోయింది. కారు తలుపు గట్టిగా పడిన చప్పుడు వినిపించింది. ఫ్యాను తిరుగుతోంది. జగ్గారావు అట్టపెట్టెను చేతుల్లోకి తీసుకుని, అడుగున తడి ఉందేమోనని అలవాటుగా తడిమి చూసి, బల్ల మీద పెట్టాడు. తర్వాత ఆవిడ వైపు చూడకుండా మెల్లగా అన్నాడు.

"ఇంక కాలు తీసేయండమ్మా. ఆవిడ ఎలిపోనారు."

సలోమి తియ్యలేదు.